ట్రిప్పుకి 12 రూపాయల గ్రీన్ ఫీ మీద ఫిర్యాదు

విశాఖపట్నం

గౌరవనీయులైన రీజనల్ మేనేజర్ గారికి,
డ్రైవర్ల విభాగం, విశాఖ ఆఫీసు.

విషయం: పాత బళ్ళ మీద వేసిన గ్రీన్ ఫీ పద్ధతి మార్చాలని, ఇప్పటిదాకా కోసిన డబ్బుకి లెక్క చెప్పాలని.

అయ్యా,

నేను మీ యాప్‌లో ఆరేళ్ళుగా క్యాబ్ నడుపుతున్నాను. 2018 మోడల్ డీజిల్ సెడాన్, ఎల్లో ప్లేట్, రేటింగ్ 4.8. మీకు నేను రాస్తున్న రెండో లేఖ ఇది. మొదటిది ఒక కస్టమర్ వెనక సీటు మీద చేపల పులుసు ఒలకబోసినప్పుడు రాశాను. దానికి జవాబు రాలేదు. ఆ వాసన మాత్రం నెల రోజులు ఉంది.

పోయిన నెలాఖరు రాత్రి 11 గంటలకి మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. 2020 ఏప్రిల్‌కి ముందు రిజిస్టర్ అయిన బళ్ళకి, సిటీ పరిధిలో ప్రతి ట్రిప్పుకి 12 రూపాయల గ్రీన్ ఫీ, రేపట్నుంచే అమలు అని. పొద్దున్న టీ తాగుతూ మా ఆవిడకి చూపిస్తే "ఏటి, గాలికి కూడా కిరాయా?" అంది. అప్పుడు నవ్వుకున్నాం. రాత్రి కాగితం మీద లెక్క వేశాక నవ్వు రాలేదు. రోజుకి 10 ట్రిప్పులు, నెలకి 26 రోజులు, మొత్తం 3,120 రూపాయలు. కారు ఈఎంఐ 9,400. అంటే మూడో ఈఎంఐకల్లా దాదాపు ఇంకో ఈఎంఐ అంత మీ చేతికి పోతుందన్నమాట.

ముందే ఒక మాట చెప్పేస్తాను. పొగ వదిలేవాడు డబ్బు కట్టాలనడమే తప్పని నేను అనడం లేదు. మాది జ్ఞానాపురం. పోర్టు బొగ్గు దుమ్ము అంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి తుడిచి పెట్టిన కారు బానెట్ మీద పొద్దున్న వేలితో గీస్తే గీత పడుతుంది, వేలు కాటుక పెట్టుకున్నట్టు అవుతుంది. మా అమ్మ కిటికీ గడప మీద తడిగుడ్డ రోజుకి రెండుసార్లు పెడుతుంది. ఆ గుడ్డ ఉతికిన నీళ్ళు పోసిన చోట కాలువ గట్టు కూడా నల్లబడింది. ఆమెకి చలికాలం వచ్చిందంటే దగ్గు. ఓ పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం, మధ్యలో గిన్నెలాంటి ఊరు మనది. పైకి లేచిన పొగ ఎటూ పోక ఇక్కడే తిరుగుతుంది. 2010 జనవరిలో కాలుష్యం ఎక్కువైందని కేంద్రం కొత్త పరిశ్రమలకి బ్రేకు వేసిన చోట్లలో విశాఖ ఉంది. 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలోనూ ఉంది. కాబట్టి గాలి గురించి మీరు నాకు పాఠం చెప్పనక్కర్లేదు.

ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర మా వాళ్ళు నలుగురు కలిస్తే ఇప్పుడు ఇదే గొడవ. "పోర్టునీ ఫ్యాక్టరీలనీ వదిలేసి మన సైలెన్సర్ దగ్గరే ముక్కు పెడతారేంట్రా" అని ఒకడు అంటాడు. ఆ వాదన నాకు నచ్చదు. పక్కింటోడు చెత్త పారేస్తున్నాడని మన చెత్త మంచిదైపోదు. నా పేచీ వేరు. ఎవరి దగ్గర, దేన్ని చూసి, ఎందుకోసం తీసుకుంటున్నారన్నదే నేను అడుగుతున్నది.

మొదటిది, దేన్ని చూసి? మీరు చూసింది రిజిస్ట్రేషన్ తేదీ ఒక్కటే. మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదువుతోంది. మీ మెసేజ్ చదివి, పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. బీఎస్ అంటే కొత్త బండి ఎంత పొగ వదలొచ్చో ప్రభుత్వం పెట్టిన హద్దు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్ 6 వచ్చింది, అంతకుముందు 2017 నుంచి బీఎస్ 4. బీఎస్ 4 డీజిల్ కారు కిలోమీటరుకి 250 మిల్లీగ్రాముల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదలొచ్చు. బీఎస్ 6 డీజిల్‌కి ఆ హద్దు 80. మసి సంగతైతే ఇంకా ఘోరం, 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి దించారు. అంటే నా బండి కొత్త డీజిల్ బండి కన్నా మూడు రెట్లు పైగా వదలడానికి చట్టమే ఒప్పుకుంది. ఇది నాకు నచ్చని నిజమే గానీ నిజం. ఒప్పుకుంటున్నాను.

కానీ అదే పేజీలో ఇంకో గడి ఉంది. బీఎస్ 4 పెట్రోలు కారుకి ఆ ఆక్సైడ్ల హద్దు ఎంతో తెలుసా? అదీ 80. మా స్టాండులో ఒకాయనది 2019 పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఆయన దగ్గర మీరు 12 రూపాయలు కోస్తున్నారు. ఆయన పక్కనే 2021 డీజిల్ బండి నిలబడుతుంది, ఆ ఆక్సైడ్లకి దాని హద్దు కూడా సరిగ్గా అంతే. దానికి కోత లేదు. ఇది గ్రీన్ ఫీనా, బండి పుట్టినరోజు ఫీనా?

పోయిన వారం మర్రిపాలెంలో పొల్యూషన్ టెస్ట్ చేయించాను. డీజిల్ పొగకి హద్దు 50, నా బండికి 21 వచ్చింది. ఆ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని పొంగిపోతూ ఇంటికొస్తే మా అమ్మాయి దాని గాలి తీసేసింది. ఆ మెషిన్ పొగ నలుపునే కొలుస్తుందట, నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికే పోదట. సరే, అది నన్ను పూర్తిగా కాయదు. కానీ ఇంజిన్ ఆయిలూ ఫిల్టరూ వేళకి మార్చి బండిని బాగా చూసుకునేవాడికీ, నల్లపొగ కక్కుతూ తిరిగేవాడికీ మీ దగ్గర ఒకటే రేటు. అలాంటప్పుడు బాగు చేయించుకోవడానికి ఎవడికి మనసొస్తుంది?

మా బావమరిది లండన్‌లో ఈస్ట్ హామ్‌లో ఉంటాడు. అక్కడ యూలెజ్ అని ఒకటుంది. పొగ ఎక్కువ వదిలే బండిని ఆ హద్దులో తిప్పితే రోజుకి 12.50 పౌండ్లు. 2019 ఏప్రిల్‌లో ఊరి నడిబొడ్డున మొదలుపెట్టి, 2021 అక్టోబరులో వాడి ఇంటిదాకా, 2023 ఆగస్టులో లండన్ అంతటా పెంచారు. వాడూ మొదట్లో ఫోన్లో తిట్టిపోసేవాడు. చివరి విడతలో జనం కెమెరాల తీగలు కూడా కత్తిరించారు. మా వాడు ఏం చేశాడంటే డీజిల్ కారు అమ్మేసి 2008 నాటి పెట్రోలు కారు కొన్నాడు. దానికంటే పాతది! అయినా పైసా కట్టడు. ఎందుకంటే అక్కడ మన బీఎస్ లాంటి యూరో హద్దులున్నాయి, పెట్రోలుకి యూరో 4 ఉంటే చాలు, డీజిల్‌కి మాత్రం యూరో 6 ఉండాలి. బండి ఎప్పుడు పుట్టిందని అడగరు, ఏం వదులుతోందని అడుగుతారు. ఒకసారి కడితే ఆ రోజు అర్ధరాత్రి దాకా ఎన్నిసార్లు తిరిగినా అంతే. పాత బండి తుక్కుకి ఇచ్చేసేవాళ్ళకి కారుకి 2,000 పౌండ్ల దాకా సాయం కూడా పెట్టారు. అన్ని ఏర్పాట్లు చేసినా అక్కడ ఇంకా పేచీ తెగలేదు. మీరు ఒక్క ఏర్పాటూ చేయకుండా మేం నోరు మూసుకుని ఉండాలంటే ఎలా?

అదే ఊళ్ళో మీ లాంటి వ్యాపారమే చేసే ఊబర్ 2019లో ఏం చేసిందో కూడా చూడండి. మైలుకి 15 పెన్సులు కస్టమర్ బిల్లులో కలిపి, ఆ డబ్బుని డ్రైవర్లు ఎలక్ట్రిక్ కారుకి మారడానికి సాయంగా పక్కన పెట్టింది. ఎక్కినవాడు కట్టాడు, నడిపేవాడికి చేరింది. మీ దగ్గర నడిపేవాడే కడుతున్నాడు. ఎవరికి చేరుతోందో మీ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

ఎందుకోసం అన్నది రెండోది. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఢిల్లీలోకి వచ్చే సరుకు బళ్ళ మీద పర్యావరణ రుసుము వేసింది. చిన్నవాటికి 700, పెద్ద లారీలకి 1,300. డిసెంబరులో దాన్ని రెట్టింపు చేసింది. ఊరి బయట నుంచి పోయే దారి ఉన్నా టోలు కలిసొస్తుందని ఊళ్ళోంచి దూరిపోయే లారీల్ని ఆపాలని వేశారది. వాటికి ఇంకో దారి ఉంది కాబట్టి ఆ రుసుముకి అర్థం ఉంది. స్టాక్‌హోంలో 2006లో రద్దీ పన్ను పెట్టేముందు బస్సులు పెంచారు. మరి నాకు మీరు చూపించిన రెండో దారి ఏది? డీజిల్ ఇంజిన్‌కి సీఎన్‌జీ కిట్ పెట్టమంటే మా మెకానిక్ నన్ను తేరిపార చూసి, పానా కింద పెట్టి మరీ నవ్వాడు. ఎలక్ట్రిక్ కారు కొనాలంటే ఈ బండి అప్పు తీరాలి. ఆ అప్పు తీర్చే డబ్బులోంచే మీరు 3,120 తీసుకుంటున్నారు. కారు మార్చుకోమని చెప్పి, మార్చుకోవడానికి దాచుకునే డబ్బు లాగేసుకోవడం ఎక్కడి న్యాయం?

ఇక అసలు సంగతి. అన్నిటికన్నా నాకు కడుపు మండేది ఇక్కడే. సోమవారం నాడు మీటరు రాసి పెట్టుకున్నాను. పొద్దున్న రైల్వే స్టేషన్ జ్ఞానాపురం వైపు గేటు దగ్గర ఎక్కించుకుని రుషికొండలో దించాను. అక్కడే బీచ్ హోటళ్ళ దగ్గర బేరం కోసం ఆగుదామంటే మీ యాప్ హనుమంతవాక పొమ్మంది. ఖాళీగా వెళ్ళాను. చేరేసరికి క్యాన్సిల్. అక్కణ్ణుంచి ఇసుకతోట, అదీ ఖాళీగానే. ఇసుకతోటలో ఎక్కినావిడ మద్దిలపాలెంలో దిగిపోయింది. ఆ చిన్న ట్రిప్పుకీ 12 కోత పడింది. రాత్రి బండి పెట్టేటప్పటికి మొత్తం 187 కిలోమీటర్లు. కస్టమర్‌తో నడిచింది 104. మిగతా 83 ఖాళీ. ఆ 83 కిలోమీటర్ల పొగ ఎవరిది? స్టీరింగ్ నా చేతిలో ఉన్నా దారి చెప్పింది మీరు. వద్దంటే నా యాక్సెప్టెన్స్ రేటు పడిపోతుంది, ఇన్సెంటివ్ పోతుంది.

దీనికి తోడు మీ ఏసీ రూలు. కస్టమర్ ఎక్కేసరికి కారు చల్లగా ఉండాలన్నారు. సిరిపురంలో ఒక అపార్ట్‌మెంట్ కింద మధ్యాహ్నం ఎండలో ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని 17 నిమిషాలు కూర్చున్నాను. పైన బాల్కనీలోంచి ఒక పెద్దాయన "ఇంజిన్ ఆపవయ్యా, పొగంతా ఇంట్లోకొస్తోంది" అని అరిచాడు. ఆయన మాట న్యాయం. ఆపాను. కిందకి వచ్చిన కస్టమర్ కారు వేడిగా ఉందని మూడు స్టార్లు ఇచ్చాడు. ఆ పొగ వద్దన్న పెద్దాయన మాట విన్నందుకు రేటింగ్ పోయింది, వినకపోతే పొగ రాయుణ్ణి అయ్యేవాణ్ణి. రెండింట్లో ఏది చేసినా గ్రీన్ ఫీ మాత్రం పడింది.

కేంద్ర రవాణా శాఖ 2025 జూలైలో యాప్ క్యాబుల మీద ఇచ్చిన మార్గదర్శకాలు మీకు తెలిసే ఉంటాయి. ఖాళీ కిలోమీటర్ల నష్టం పూడేలా బేస్ ఛార్జీ కనీసం 3 కిలోమీటర్లకి ఉండాలని, సొంత బండి డ్రైవర్‌కి ఛార్జీలో కనీసం 80 శాతం చేరాలని అందులో ఉంది. మద్దిలపాలెం ట్రిప్పు ఛార్జీ 110 రూపాయలు. మీ కమీషన్ 22, గ్రీన్ ఫీ 12. నాకు మిగిలింది 76. అంటే 69 శాతం. పేరు మార్చి కోస్తే కోత కాకుండా పోతుందా?

చివరి మాట ఆ ఆకు బొమ్మ గురించి. నా ట్రిప్పు బుక్ చేసుకున్న వాళ్ళ ఫోన్‌లో ఇప్పుడు ఒక చిన్న పచ్చటి ఆకు కనిపిస్తోంది, కింద "మీ ప్రయాణం గాలిని కాపాడుతోంది" అని. మొన్న ఒక కుర్రాడు ఆ ఆకు చూపించి "గ్రేట్ అన్నా, మీ కంపెనీ మంచి పని చేస్తోంది" అన్నాడు. ఆ ఆకు కొన్నది నేను, బాబూ, అని నోటిదాకా వచ్చింది. రేటింగ్ గుర్తొచ్చి మింగేశాను.

నేను అడిగేది పెద్దదేం కాదు. బండి ఏడాదిని కాక, ఇంధనాన్నీ బీఎస్ స్థాయినీ చూసి ఫీ పెట్టండి. 2019 పెట్రోలు బళ్ళని వెంటనే వదిలేయండి, వాళ్ళ దగ్గర తీసుకున్నది వెనక్కివ్వండి. నా లాంటి డీజిల్ వాళ్ళం మా వంతు కడతాం, కానీ ట్రిప్పుకి కాదు, రోజుకి ఒకసారి. ఎక్కేవాళ్ళు కొంత, మీరు కొంత కలపండి. ముఖ్యంగా యాప్ పంపించిన ఖాళీ కిలోమీటర్లకి మీ వంతు మీరే వేయండి. అది మీ జేబులోంచి పోతే గానీ హనుమంతవాక బేరానికి రుషికొండ నుంచి బండి పంపడం ఆపరు. పోగైన డబ్బుని బండి మార్చుకునే డ్రైవర్ల డౌన్ పేమెంట్‌కి ఇవ్వండి, ప్రతి నెలా ఎంత వచ్చిందో, ఎవరికి ఎంత ఇచ్చారో యాప్‌లోనే చూపించండి. ఏసీ రూలు ఈ రోజే తీసేయండి. దానికి పైసా ఖర్చు లేదు.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. ఎప్పుడూ వచ్చే "మీ అభిప్రాయం మాకు విలువైనది" అనే ఆటోమేటిక్ మెసేజ్‌ని జవాబుగా లెక్కపెట్టను. రాకపోతే ఇదే లేఖ, స్టాండులో 23 మంది సంతకాలతో, రవాణా శాఖకీ కార్మిక శాఖకీ ఇస్తాం.

ఇట్లు,
మీ యాప్‌లో ఒక డ్రైవర్,
జ్ఞానాపురం.

జత: నెల రోజుల కోతల స్క్రీన్‌షాట్లు, పొల్యూషన్ సర్టిఫికెట్ కాపీ, సోమవారం మీటరు రాసుకున్న కాగితం (టీ మరక నాదే, క్షమించాలి).

ఫోన్ చేసేటట్టయితే మధ్యాహ్నం 2 నుంచి 3 లోపు చేయండి. మిగతా వేళల్లో బండి మీద ఉంటాను, డ్రైవింగ్‌లో ఫోన్ ఎత్తితే మీరే ఫైన్ వేస్తారు.