ముందు సైడు కాలువ తవ్వించండి

సంపాదకులకు నమస్కారం.

నేను పెనుమూరు మండలంలో తోతాపురి మామిడి తోట, నాలుగు పాడి ఆవులు ఉన్న రైతును. మా ఊరి నుంచి మెయిన్ రోడ్డుకు మూడు కిలోమీటర్లు. ఆ తారు రోడ్డు వేసి నాలుగేళ్లు కాలేదు. పోయిన జూన్‌లో కాయ కోసి ట్రాక్టర్‌లో గుజ్జు ఫ్యాక్టరీకి బయలుదేరితే, ఆ మూడు కిలోమీటర్లకే ముప్పావు గంట పట్టింది. అడుగున ఉన్న కాయ నలిగి రసం కారింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర దాన్ని ఏరి పక్కన పోశారు. తోతాపురి ధర పడిపోయిన ఏడాది రైతుకు ఏం మిగులుతుందో మీ పాఠకులకు చెప్పనవసరం లేదు. ఆ మిగిలేదాంట్లోంచి కూడా ఇంత గుంతల పాలైంది. పాల వ్యాను సంగతీ అంతే. వాన పడిన మరునాడు అది ఊళ్లోకి రాదు. క్యాన్లు బైకుకు కట్టుకొని మేమే మెయిన్ రోడ్డు దాకా పోతాం.

మన వైపు పెద్ద రోడ్లు బాగానే వస్తున్నాయి. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే చిత్తూరు జిల్లా మీదుగా పోతుంది. తిరుపతిలో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 2023లో పూర్తయింది. అవి వచ్చినందుకు నాకు సంతోషమే. అయితే దేశంలోని రోడ్లన్నీ కలిపితే 63 లక్షల కిలోమీటర్లు దాటుతాయి. అందులో జాతీయ రహదారులు లక్షన్నర కిలోమీటర్ల లోపే. పదింట ఏడు వంతులు పల్లె రోడ్లు. కాయ గానీ పాలు గానీ హైవే ఎక్కాలంటే ముందు ఊరు దాటాలి కదా.

నేను ఈ ఉత్తరం రాస్తున్నది కొత్త రోడ్డు అడగడానికి కాదు. ఉన్నదాన్ని ఎందుకు బతకనివ్వడం లేదని అడగడానికి.

తారు రోడ్డుకు మొదటి శత్రువు నీళ్లు. రోడ్డును మధ్యలో కాస్త ఎత్తుగా, రెండు పక్కలకూ వాలుగా వేస్తారు. వాన నీళ్లు బెర్ము, అంటే తారు అంచున ఉండే మట్టి పట్టీ, మీదుగా సైడు కాలువలోకి దిగి, అక్కడి నుంచి కల్వర్టు తూముల్లో పడి వంకకు పోవాలి. మా రోడ్డు పక్కన ఇప్పుడు ఆ కాలువే కనపడదు. కొంత మట్టితో పూడిపోయింది. కొంత మేమే గట్లు జరిపి తోటల్లో కలిపేసుకున్నాం. ఆ తప్పు మాది, ఒప్పుకుంటున్నాను. బెర్ములు పెరిగి పెరిగి రోడ్డు కంటే ఎత్తయ్యాయి. దాంతో నీళ్లు రోడ్డు మీదే నిలిచి, సన్నటి పగుళ్లలోంచి కింద కంకరలోకి ఇంకుతాయి. అడుగున మట్టి మెత్తబడ్డాక, లోడు బండి ఒక్కటి పోయినా పైన తారు పెచ్చులుగా లేచి వస్తుంది.

అలా మెత్తబడిన రోడ్డు మీదే గ్రావెల్ టిప్పర్లు రాత్రంతా తిరుగుతాయి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపుతో ఆగదు, దాదాపు పదహారు రెట్లవుతుంది. 1958 నుంచి 1960 వరకు అమెరికాలో లారీలను పనిగట్టుకొని తిప్పి చూసి తేల్చిన లెక్క ఇది. రోడ్డు ఇంజినీర్లు ఇప్పటికీ దాన్నే వాడతారు. పగలు మోటారు సైకిళ్లు, ఆటోలు తిరగడానికి వేసిన రోడ్డు ఆ బరువుకు ఎన్నాళ్లు నిలుస్తుంది?

రెండేళ్ల కిందట మా తోట దగ్గర కల్వర్టు తూము పూర్తిగా పూడుకుపోతే, నలుగురం చందాలు వేసుకొని రెండు గంటలు జేసీబీ బాడుగకు తెచ్చాం. తూములో మట్టి తీసి, రెండు వైపులా వంద అడుగుల దాకా కాలువ లాగించాం. ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. అక్కడ ఈ రోజుకీ గుంత లేదు. కాలువ లాగని చోట, కాస్త అవతలే, మోకాలి లోతు గుంతలున్నాయి. అదే తారు, అదే కంకర, అవే బండ్లు. నమ్మకం లేని అధికారులు ఎవరైనా వస్తే నేనే తీసుకెళ్లి చూపిస్తాను.

ఈ నష్టం మా ఒక్క ఊరిది కాదు. 1988లో ప్రపంచ బ్యాంకు 85 అభివృద్ధి చెందుతున్న దేశాల రోడ్లను పరిశీలించింది. సరైన నిర్వహణ లేక అంతకుముందు రెండు దశాబ్దాల్లో 4,500 కోట్ల డాలర్ల విలువైన రోడ్లు పాడయ్యాయని, సకాలంలో పని చేయించి ఉంటే 1,200 కోట్ల డాలర్ల లోపే సరిపోయేదని తేల్చింది.

నా చిన్నప్పుడు మా వైపు రోడ్డు మీద గ్యాంగ్ కూలీలు కనపడేవాళ్లు. పార, గడ్డపార, గంప పట్టుకొని తమ వంతు దూరంలో రోజూ ఏదో ఒకటి సరిచేస్తూ ఉండేవాళ్లు. కల్వర్టు దగ్గర కంప అడ్డం పడితే ఆ పూటే తీసేసేవాళ్లు. ఇప్పుడు ఆ పని ఎవరిదో తెలియదు. మా రోడ్డు ఏ పథకం కింద వేశారో, కాంట్రాక్టరు ఎప్పటిదాకా మరమ్మతు చేయాలో చెప్పే బోర్డు లేదు. కనుక్కోవడానికి పోతే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పొమ్మంది. మూడుసార్లు తిరిగి ఊరుకున్నాను. పాలు పితికే వేళకు ఇంట్లో ఉండాల్సిన మనిషి ఎన్నిసార్లు తిరగగలడు? 2020 నుంచి మన రాష్ట్రంలో పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు కూడా వేశారు. ట్రాక్టరుకు డీజిల్ పోయించిన ప్రతిసారీ అది నాకు గుర్తొస్తుంది.

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు తిరుపతి చుట్టుపక్కల రోడ్లు ఎలా కోసుకుపోయాయో అందరం చూశాం. అక్టోబరులో ఈశాన్య వానలు మళ్లీ మొదలవుతాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లు ఆలోపు ప్రతి మండలంలో పల్లె రోడ్ల కల్వర్టులు, సైడు కాలువలు శుభ్రం చేయించాలి. ఆక్రమించిన కాలువలకు కొలతలు వేసి వెనక్కి తీసుకోవాలి. మా తోట దగ్గర నుంచే మొదలుపెట్టినా నేను అడ్డు చెప్పను. రాత్రిపూట టిప్పర్లను కాటా వేయించాలి. రోడ్డు మొదట్లో ఒక బోర్డు పెట్టి, దాన్ని చూసుకునే ఉద్యోగి ఫోన్ నంబరు రాయించాలి. వచ్చే జూన్‌కు మళ్లీ కాయ కోతకొస్తుంది.

– ఒక మామిడి రైతు,
పెనుమూరు మండలం, చిత్తూరు జిల్లా