ఆయమ్మ ఎవరో చెప్పు పాపా

కదిరి,
ఆదివారం

పాపకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో మాట్లాడదామంటే పగలు డ్యూటీలో ఉన్నానంటావు, రాత్రి చేస్తే ఎత్తవు. ఎత్తినా రెండు మాటలకే ఇద్దరం గొంతు పెంచుకుంటాం. అందుకే కాగితం మీద రాసి ఈ డబ్బాలో పెడుతున్నా. పైన ఊరుబిండి, దాని కింద బొరుగులు, అడుగున చింతకాయ తొక్కు. సీసాలో నూనె పైకి తేలి ఉంటుంది, నిలబెట్టి తియ్యి. పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కుతున్నావని నాకు తెలుసు. ఉగ్గాని చేసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఉల్లిపాయ కోసుకునే ఓపిక ఉంటే చాలు.

మీ చిన్నాయన ఈసారి కదిరి లేపాక్షి రకం వేరుశనగ వేశాడు. సరిగ్గా ఊడలు దిగేటప్పుడు వాన పడింది, ఆ నరసింహస్వామి దయ. జేజికి కళ్ళు ఇంకా మసకగానే ఉన్నాయి. లేస్తూనే "పాప ఫోన్ చేసిందా" అంటుంది, చేసిందనే చెప్తున్నా. పెద్దమ్మ కోడలికి ఐదో నెల, సీమంతానికి నువ్వు రావాల్సిందే.

అన్నట్టు, గురువారం స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. నీ పాస్‌పోర్ట్ ఎంక్వైరీ అన్నాడు. మీ నాన్నకు ఏం చెప్పాలో తెలియలేదు, అయినా తెలిసినట్టే తలాడించి సంతకం పెట్టాడు. టీ తాగి వెళ్ళిపోయాడు ఆయన. పాస్‌పోర్ట్ చేయించుకోవడం తప్పని నేను అనడం లేదు. రాయచోటి, రాజంపేట వైపు పాస్‌పోర్ట్ లేని ఇల్లు ఉందా?

నిలబడి చేసే ఉద్యోగం కదా, మెత్తటి చెప్పులు కొనుక్కోమన్నాను, కొన్నావా? షోరూం వాళ్ళు కూర్చోనివ్వకపోతే భోజనం టైములోనైనా కాళ్ళు పైకి పెట్టుకో. రాత్రి వేడినీళ్ళలో ఉప్పు వేసి పాదాలు పెట్టు.

సుధ చెప్పింది. దాని మీద కోపం పెట్టుకోవద్దు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. మీ హాస్టల్‌కు వచ్చిపోయే ఒక అక్క నీకు వాచీ ఇచ్చిందట. దుబాయ్‌లో పెద్ద హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం ఇప్పిస్తానందట. టికెట్టు, వీసా అన్నీ ఆయమ్మే చూసుకుంటుందట, నువ్వు జీతంలోంచి మెల్లగా తీర్చుకోవచ్చట. ఆయమ్మది ఏ ఊరు? ఏం పని చేస్తుంది? వాళ్ళింటికి నువ్వు ఎప్పుడైనా పోయినావా? నీకు ఆయమ్మ గురించి ఎంత తెలుసు, ఆయమ్మకు నీ గురించి ఎంత తెలుసు? ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు.

ఎగువ వీధి పిల్ల సంగతి నీకు పైపైన తెలుసు. నువ్వు చిన్నదానివి, నీ ముందర మేము మాట్లాడుకునేవాళ్ళం కాదు. పేరు రాయను, ఇప్పుడు ఆ పిల్ల తన సంసారం తాను చేసుకుంటోంది.

ఆ కరువు ఏళ్ళలో మన కదిరి చుట్టుపక్కల పల్లెల నుంచి ఎంతోమంది ఆడపిల్లలు పుణే, ముంబై, ఢిల్లీలో జీబీ రోడ్డు దాకా, ఒళ్ళు అమ్మించే వీధులకు పోయారు. ఎవరో ఎత్తుకుపోయారనుకుంటారు జనం. నేను అంగన్‌వాడీలో పనిచేస్తూ విన్న కథల్లో ఎత్తుకుపోయినవి చాలా తక్కువ. ఇంట్లో చెప్పి, తలదువ్వుకుని, బస్సెక్కి పోయినవాళ్ళే ఎక్కువ. ఈ పిల్లను తీసుకుపోయింది పక్క ఊరి ఆమె, మేనత్త వరస అవుతుంది. తేరు పండగకు వచ్చింది. మెళ్ళో గొలుసు, మంచి చీర. ఈ పిల్లకు ఒక చుడీదార్ తెచ్చింది. తర్వాత వాళ్ళమ్మకు జ్వరం తిరగబెట్టి ఆస్పత్రిలో చేరిస్తే మందుల డబ్బు ఆయమ్మే కట్టింది. తిరిగిస్తామంటే "మన మధ్య లెక్కలేంది వదినా" అంది. అలా నెలలు వచ్చిపోయింది, ఏమీ అడగలేదు. ఈలోగా ఆ ఇంట్లో ఎవరు తాగుతారో, అప్పు ఎంతుందో, ఇంటర్ తప్పిన ఈ పిల్లను నాన్న ఏమని తిడతాడో అన్నీ తెలుసుకుంది. ఎవరికి ఏది తక్కువైందో కనిపెట్టి అదే తెచ్చిపెట్టడం వాళ్ళ పని. డబ్బు తక్కువైనవాళ్ళకు డబ్బు, మంచి మాట తక్కువైనవాళ్ళకు మంచి మాట.

బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీ అని చెప్పి ధర్మవరంలో ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించింది. రైలు గుంతకల్లు వైపు పోతుంటే పిల్ల అడిగిందట. ముంబై కంపెనీలో జీతం ఎక్కువ, అక్కడికే పోతున్నామంది. "ఇప్పుడే మీ అమ్మకు చెప్పొద్దు, భయపడుతుంది. మొదటి జీతం చేతికొచ్చాక చెప్దువు" అంది. ఈ ఒక్క మాట దగ్గరే నేను మూడు రాత్రులుగా ఆగిపోతున్నా. పాస్‌పోర్ట్ సంగతి నువ్వు నాకు ఎందుకు చెప్పలేదు పాపా? నీకు నువ్వే చెప్పొద్దనుకున్నావా, ఎవరైనా చెప్పొద్దన్నారా?

దింపింది పుణేలో, బుధ్‌వార్ పేఠ్ అనే అలాంటి చోటే. దగ్డూసేఠ్ గణపతి గుడి ఆ పక్కనే, ఎక్కడెక్కడి నుంచో జనం దండం పెట్టుకోవడానికి వస్తారు. మొదట మంచి తిండి పెట్టారు, బట్టలు కొన్నారు. తర్వాత ఇంటి యజమానురాలు, అక్కడ ఘర్‌వాలీ అంటారు, నీ మీద ఇంత డబ్బిచ్చాను, అది తీరేదాకా నువ్వు నా దగ్గరే అంది. తిన్న తిండి, కొన్న బట్టలు, సబ్బు, గది బాడుగ, జ్వరమొస్తే వేయించిన సూది అన్నీ పుస్తకంలో రాసేది. దాని మీద వడ్డీ. పిల్ల సంపాదన ఆ పుస్తకంలో ఎప్పుడూ అప్పుకంటే తక్కువే. ఎదురు తిరిగితే కొట్టడానికి ఒకడుండేవాడు. ఫోటోలు తీసి పెట్టుకున్నారు, మీ నాన్నకు పంపుతామన్నారు. పోలీసులొస్తే నిన్నే పట్టుకుపోతారని చెప్పారు. వారానికోసారి ఇంటికి ఫోన్ చేయించేవాళ్ళు, పక్కన ఒకరు కూర్చుని. "బాగుండానమ్మా, ఓవర్‌టైమ్ ఉంది" అనేది. నెలకింతని డబ్బు కూడా వచ్చేది. ఆ డబ్బుతో వాళ్ళమ్మ పాడి గేదెను కొనుక్కుంది, నాకు చూపించింది కూడా.

ఆ ఘర్‌వాలీ గురించి నాతో ఆ పిల్ల అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "కొట్టినోడిని మరిచిపోతా టీచర్. జ్వరంలో ఆయమ్మే బువ్వ కలిపి తినిపించేది, తల నిమిరేది. ఆయమ్మను విడిచి రావాలంటే నాకు ఏడుపొచ్చింది." దెబ్బ, ఆదరణ రెండూ ఒకే ఇంట్లోంచి వస్తుంటే మనసు ఎటు పోతుందో బయటివాళ్ళకు అర్థం కాదు. ఏడాది తర్వాత తలుపుకు తాళం కూడా వెయ్యలేదు. ఒంటరిగా గుడికి పోయి తనే తిరిగొచ్చేది. ఊళ్ళో అందరూ అడిగింది అదే, తలుపు తీసే ఉంది కదా ఎందుకు రాలేదు అని. యాడికి రావాల? మొహం చూపించలేనని నమ్మించారు, అప్పు తీరలేదని నమ్మించారు. అంతటితో ఆగలేదు, మీ ఊరి నుంచి ఇంకో పిల్లను తీసుకొస్తే నీ అప్పు తగ్గిస్తామన్నారు. మన పక్క ఊరి ఆమె కూడా ఒకప్పుడు అలా పోయినదే. ఈ పిల్ల ఒప్పుకోలేదు. అందుకు ఆ పిల్లకు చేతులెత్తి మొక్కాల.

పోలీసుల దాడిలో బయటపడింది. హోంలో ఉంది, కోర్టులో సాక్ష్యం చెప్పింది, ఊరికి వచ్చాక అందరి నోళ్ళలో పడింది. ఇలా బయటపడ్డవాళ్ళే ఇప్పుడు మన రాష్ట్రంలో విముక్తి అని సంఘం పెట్టుకున్నారు. పరిహారం కోసం, కేసుల కోసం వాళ్ళే నిలబడుతున్నారు.

ఎక్కడి నుంచి ఎక్కడికో పోయాను. పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను, చూసొచ్చి మళ్ళీ రాస్తున్నా.

నువ్వు డిగ్రీ చదివావు, ఆ పిల్లతో నన్ను పోలుస్తావేందని నీకు కోపం వస్తుంది. చదువు చూసి వాళ్ళు ఆగరు, చదువుకు తగ్గ ఉద్యోగం చూపిస్తారు. అప్పుడు గార్మెంట్ ఫ్యాక్టరీ, ఇప్పుడు హోటల్ రిసెప్షన్. కొందరికి ఉద్యోగం బదులు ప్రేమ చూపిస్తారు. ఇన్‌స్టాలో ఒక అబ్బాయి రోజంతా మాట్లాడతాడు, నీలాంటిదాన్ని చూడలేదంటాడు, ఫ్రెండ్స్ మంచివాళ్ళు కాదంటాడు, ఇంట్లోవాళ్ళు నిన్ను అర్థం చేసుకోలేదంటాడు. మెల్లగా చుట్టూ ఎవరూ లేకుండా చేస్తాడు. ఒక ఫోటో అడుగుతాడు. ఆ ఫోటోతో ఆడించడం మొదలుపెడతాడు. పసిపిల్లల్ని కూడా వదల్లేదు. 2018లో యాదగిరిగుట్టలో పట్టుబడ్డ అలాంటి ఇళ్ళలో చిన్న చిన్న ఆడపిల్లలు దొరికారు, తొందరగా పెద్దగా కనబడాలని వాళ్ళకు హార్మోన్ సూదులు వేయించారు. ఆ వార్త చదివి నేను సెంటర్లో పిల్లలకు గుడ్డు పెడుతూ ఏడ్చాను.

దుబాయ్ సంగతి. నిజంగా మంచి ఉద్యోగమైతే నేనే పంపిస్తా, మీ నాన్నను ఒప్పిస్తా. కొన్ని మాత్రం నువ్వు చూడాల. విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మన ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్లో పేరు కొడితే ఉందో లేదో కనబడుతుంది. వాళ్ళు తీసుకోగలిగిన ఫీజు ముప్పై వేలు, పైన జీఎస్‌టీ, అంతే. పదో తరగతి పాసైనవాళ్ళ పాస్‌పోర్ట్‌కు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పోయే ముందు ప్రభుత్వ అనుమతి, అక్కర్లేదు. గౌరవంగా కనిపిస్తుంది గానీ, నీ జీతం కాగితం, కంపెనీ పేరు మన ప్రభుత్వంలో ఎవరూ చూడరు, మనమే చూసుకోవాల. విజిట్ వీసా మీద అక్కడ ఉద్యోగం చెయ్యకూడదు. ముందు విజిట్ మీద పోదాం తర్వాత మారుస్తామంటే ఆ మాట దగ్గరే ఆగిపో. అక్కడ యజమాని నీ పాస్‌పోర్ట్ తీసి పెట్టుకోవడం వాళ్ళ చట్టం ప్రకారం కూడా తప్పే. ఆయమ్మ నీ ఆధార్ ఒరిజినల్ అడిగిందా? సర్టిఫికెట్లు ఏమైనా ఇచ్చావా? ఇచ్చి ఉంటే రేపే తెచ్చుకో, తోడుగా రూమ్మేట్‌ను తీసుకుపో.

ఇంకోటి గట్టిగా చెప్తున్నా. ఇష్టపడే పోయింది కదా అని ఊళ్ళో అంటారు, చట్టం ఆ మాట ఒప్పుకోదు. 2013లో మార్చిన ఐపీసీ 370 సెక్షన్లోనే రాశారు, మోసంతోనో ఆశపెట్టో తీసుకుపోయినప్పుడు ఆ పిల్ల ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకి రాదని. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 143. సంతకం పెట్టినా, టికెట్టు నువ్వే పట్టుకుని ఎక్కినా, తప్పు తీసుకుపోయినవాళ్ళదే. ఆపదలో పిలిచే 112, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 రెండూ ఫోన్లో సేవ్ చేసి పెట్టుకో. 1991లో ఒక పదేళ్ళ పిల్లను ముసలి షేక్‌కు కట్టబెట్టి హైదరాబాద్ నుంచి విమానంలో తీసుకుపోతుంటే, పిల్ల ఏడవడం చూసి ఆ విమానంలో పనిచేసే అమ్మాయి అడిగింది, ఢిల్లీలో పోలీసులకు పట్టించింది. ఏర్‌పోర్ట్‌లోనైనా, విమానంలోనైనా ఎవరో ఒకరు వింటారు. నోరు తెరిచి చెప్పాల.

నేను మళ్ళీ పాఠం చెప్తున్నట్టున్నా. మీ నాన్న కూడా ఇదే అన్నాడు, పిల్లకు ఉత్తరం రాస్తున్నావా సర్క్యులర్ రాస్తున్నావా అని. ఆయన రాత్రి నిద్రపోవడం లేదు, అది మాత్రం నీకు చెప్పొద్దన్నాడు.

నువ్వు చెయ్యాల్సింది ఒకటి. ఆయమ్మతో "మా అమ్మ మిమ్మల్ని కలవాలంటోంది, శనివారం వస్తోంది" అని చెప్పు. ఏమంటుందో, ఎలా అంటుందో చూసి నాకు ఫోన్ చెయ్యి. మంచి మనిషైతే రమ్మంటుంది, నేను ఓళిగలు చేసి తెస్తాను. పొద్దున మొదటి బస్సుకే బయల్దేరతా. నువ్వు సెలవు పెట్టాల్సిన పని లేదు, షోరూం దగ్గరే కూర్చుంటా.

ఇంకొక్క సంగతి. ఆయమ్మ దగ్గర ఏమైనా డబ్బు తీసుకున్నావా? ఫోటో ఏదైనా ఎవరికైనా పంపావా? ఏదైనా సరే చెప్పు, ఎందుకు చేశావని అడగను, మీ నాన్నను కూడా అడగనివ్వను. చీటీ పాట పాడాను, మంగళవారం చేతికొస్తుంది. ఎంతో రాసి పంపు, నీ ఖాతాలో వేస్తాను, ముందు అది కట్టేసి వాచీ కూడా తిరిగిచ్చెయ్యి.

అమ్మ