102.8 దగ్గర ఆగని రేడియో

ఒరేయ్,

పోయిన వారం ఫోన్‌లో నీ కారు రేడియో గోల చెప్పి నవ్వించావు కదా. ఆక్లండ్‌లో జపాన్ నుంచి దిగిన పాత కారు కొంటే, దాని ఎఫ్ఎమ్ 76 నుంచి 90 దాకే పోతుందనీ, మీ స్టేషన్లేమో చాలావరకు ఆ పైనుంచి 108 దాకా ఉన్నాయనీ. అప్పుడు చెప్పలేదు గానీ అలాంటి తద్దినమే మా ఇంట్లోనూ నడిచింది. ఫోన్‌లో చెబితే మాటకి మాట అడ్డం వేస్తావు, అందుకే ఈ ఉత్తరం.

మా బావ న్యూజెర్సీ నుంచి సామాను సర్దుకుని వచ్చేశాడని తెలుసుగా. ఆ సామానులో ఒక స్టీరియో రిసీవర్ ఉంది, అదే, రేడియో, యాంప్లిఫయర్ కలిసిన పెట్టె. అక్కడెవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్ముతుంటే 20 డాలర్లకి కొన్నాడట. నల్లటి ముఖం, గుప్పిట్లో పట్టనంత వాల్యూమ్ నాబ్, హాస్టల్‌కి మోసుకెళ్ళిన మన ట్రంకుపెట్టెంత బరువు. "నీకు పాటల పిచ్చి కదా, నువ్వే ఉంచుకో" అన్నాడు. ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగే రకం అని మా ఆవిడ అననే అంది.

వెనక్కి తిప్పి చూస్తే 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. మన గోడలో వచ్చేది 230, 50. ఆత్రపడి ప్లగ్గు పెట్టి ఉంటే ఆ రోజే దానికి దినం పెట్టాల్సి వచ్చేది. కోఠి వెళ్ళి గుజరాతీ గల్లీలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చా. అది వోల్టులు దించుతుంది గానీ 50ని 60 చెయ్యలేదు. సెట్టు మీద ఉన్న గడియారమేమో కరెంటు సైకిళ్ళు లెక్కపెట్టుకుని టైము చెప్పే రకం. దాంతో గంటకి సరిగ్గా 10 నిమిషాలు వెనకబడుతోంది. పోనీలే, గోడ గడియారం ఉందిగా అనుకున్నా.

అసలు కథ రేడియో పెట్టాక మొదలైంది. సెర్చ్ నొక్కితే 91.1, 92.7, 93.5, 98.3, ఆకాశవాణి రెయిన్‌బో 101.9, అన్నీ గంట కొట్టినట్టు పలికాయి. నేను మీసం మెలేసేలోపు నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని, "వివిధభారతి పెట్టరా" అన్నాడు. హైదరాబాద్ వివిధభారతి 102.8. సెర్చ్ దాన్ని దాటేసి పోయింది. చేత్తో తిప్పితే 102.7, ఆ తర్వాత 102.9. మధ్యలో 8 లేదు! ఏడులో పెట్టినా, తొమ్మిదిలో పెట్టినా "స", "ష" వచ్చినప్పుడల్లా బరబర, స్టీరియో దీపం మిణుకు మిణుకు. నాన్న నా వైపు చూసిన చూపు నీకు తెలుసు. లెక్కల పేపరు ఇంటికి తెచ్చినప్పుడు చూసేవాడే, అదే చూపు.

రాత్రి కూర్చుని ఆరా తీస్తే తేలింది. అమెరికాలో ఎఫ్ఎమ్ స్టేషన్లు 0.2 మెగాహెర్ట్జ్ ఎడంలో ఉంటాయి, అదీ పాయింట్ తర్వాత బేసి అంకె ఉన్నచోటే. అందుకని అక్కడి డిజిటల్ సెట్టు బేసి మెట్ల మీదే కాలు పెడుతుంది. మనకి 0.1 మెట్టు, సరి బేసి తేడా లేదు. మా ఊళ్ళో ప్రైవేటు స్టేషన్లు చాలావాటికి బేసి అంకె రావడం వాళ్ళ అదృష్టం. ఇంట్లో అందరికంటే పెద్దాయన అడిగే ఒక్క స్టేషనే సరి అంకె మీద కూర్చుంది. మీ ఇంట్లోని ముల్లు తిరిగే పాత రేడియోకి ఈ బాధ లేదు చూడు, ముల్లు ఎక్కడైనా ఆగుతుంది.

మీడియం వేవ్‌లో ఇంకా తమాషా. అమెరికాలో స్టేషన్ల మధ్య దూరం 10 కిలోహెర్ట్జ్. మన దగ్గర 1978 నుంచి 9. కాబట్టి మన స్టేషన్లన్నీ 9వ ఎక్కం మీద ఉంటాయి. హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖ 927. ఈ సెట్టుకేమో 740, 840, 930 మాత్రమే తెలుసు. విజయవాడ కోసం 840లో పెడితే మాట బావిలోంచి వచ్చినట్టుంది, పైగా సన్నగా ఈల. కడప మాత్రం బతికిపోయింది. దానిది 900, రెండు ఎక్కాల్లోనూ ఉంది! నాన్న మాత్రం ఆ లెక్కకేమీ మురిసిపోలేదు. "మన ఊరు బెజవాడరా, కడప కాదు" అన్నాడు.

ఇదే కంపెనీ వేరే దేశాలకి పంపే కొన్ని మోడళ్ళలో ఈ మెట్లు మార్చే చిన్న స్విచ్చు వెనకాలే ఉంటుంది. మా సెట్టులో ఆ చోట రంధ్రం ఉంది, దానికి ప్లాస్టిక్ బిళ్ళ అడ్డం పెట్టారు. పవర్ నొక్కుతూ ఇంకో బటన్ పట్టుకుంటే మారే సెట్లూ ఉన్నాయట. రెండు రోజులు నేను అన్ని బటన్లూ పట్టుకుని వేళ్ళు నొప్పెట్టించుకున్నాను. చివరికి సర్వీస్ మాన్యువల్ సంపాదించి చూస్తే, లోపల ట్యూనర్ బోర్డు మీద డయోడ్ అనే చిన్న భాగం ఒకటి ఉంటే అమెరికా, లేకపోతే మిగతా లోకం అని ఉంది.

చిక్కడపల్లిలో టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి ఆటోలో మోసుకెళ్ళా. "రేడియో ఎవరు వింటున్నారండీ, బ్లూటూత్ పెట్టిస్తా" అన్నాడు. నాన్న కోసం అన్నాక మెత్తబడ్డాడు. డయోడ్ కొయ్యకుండా ఒక కాలు మాత్రం పైకి లేపి వదిలేశాడు. మళ్ళీ అమెరికా వెళ్తే అతికించుకోండి అని జోకు కూడా. ఆన్ చేస్తే మీడియం వేవ్ 530 బదులు 531 అని లేచింది. ఆ ఒక్క అంకె చూసి నేను ఎంత పొంగిపోయానో ఎవరికి చెప్పుకోను, నీకు తప్ప. 100 రూపాయలు చాలన్నాడు.

ఇంటికొచ్చి 102.8 పెట్టాం, స్టీరియో దీపం నిలకడగా వెలిగింది. నాన్న కాసేపు విని, "వయొలిన్లు దుప్పటి కప్పుకున్నట్టున్నాయేంట్రా" అన్నాడు. ఆయన చెవిని మెచ్చుకోవాలి. స్టేషను వాళ్ళు కీచుగా ఉండే సన్నటి శబ్దాలని కాస్త పెంచి పంపుతారు, సెట్టు అంతే తగ్గించి వినిపిస్తుంది. ఆ కొలత మన దగ్గర 50 మైక్రోసెకన్లు, అమెరికాలో 75. అంటే మనవాళ్ళు పెంచినదానికంటే ఇది ఎక్కువ కోస్తోంది. దానికి లోపల కెపాసిటర్లు మార్చాలి. మళ్ళీ ఆటో ఎక్కే ఓపిక లేక ట్రెబుల్ నాబ్ రెండు గీతలు పైకి తిప్పా. దుప్పటి తీసేశారంది మా ఆవిడ.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక నాన్న 837 పెడతాడు. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు ఉంటే ఒకటే గుర్రుమంటుంది, అందుకని హాల్లో అన్నీ ఆర్పేయించి చీకట్లో కూర్చుంటాడు. మొన్న మా అమ్మాయి కరెంటు పోయిందనుకుని టార్చి పట్టుకుని వచ్చింది.

పై స్టేషన్లని కిందికి జరిపి నీ కారు రేడియోకి అందించే బ్యాండ్ ఎక్స్‌పాండర్ పెట్టించుకున్నావా లేదా, అది రాయి. 10 కిందికి జరిపే రకమైతే 98ని 88 అని చూపిస్తుందటగా, ఆ కూడికలు చేసుకుంటూ బండి నడపకు. వచ్చేటప్పుడు మాత్రం నాకు ఏ రేడియో తేవద్దు.

నీ,
వెనక బెంచీ వాడు