మిరుగం లోపల మన గుడి గంట మోగాలి: సంఘ బిడ్డలకు మనవి

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో సంఘస్తులందరికీ, హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో పనులు చేసుకుంటున్న మన పిల్లలకు వందనాలు.

మిరుగం (మృగశిర కార్తె) దగ్గరపడింది. మన గుడి పెంకుల కింద వాసాలకు చెదలు పట్టాయి. నిరుడు వానల్లో బల్ల పక్కన బకెట్ పెట్టుకుని ప్రభురాత్రి భోజనం తీసుకున్నది మీకు తెలుసు. ఈ నెలాఖరులోగా అడ్వాన్స్ ఇవ్వకపోతే వేరే పని ఒప్పుకుంటానని మేస్త్రీ చెప్పేశాడు. అంచనా 6 లక్షలు, చేతికందింది అందులో సగం కూడా లేదు. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

మన సంఘం డబ్బున్నోళ్లు కట్టింది కాదు. 1912లో అజరయ్య అయ్యగారు దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు) సంఘంలో మన దేశస్తుడు బిషప్ కావడం అదే మొదలు. ఆయన నడిపిన సంఘాల్లో ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్లే. అయినా చేతులు చాపి కూర్చోలేదు. 1939లో దోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్ ప్రతిష్ఠ అయింది, 1947లో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడింది, మన అమ్మమ్మల పిడికెడు బియ్యం మాత్రం ఆగలేదు. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి ముంతలో వేసేవాళ్లు. ఇంట్లో ఆ పూట చాలకపోయినా సరే, ముందు దేవుని పిడికెడు. ఆదివారం కొంగు చాటున తెచ్చి బల్ల ముందు గుమ్మరించేవాళ్లు. ఆ బియ్యంతో నిలబడ్డ గుడి ఇది.

ఇక గంట సంగతి. ముందు కప్పు, తర్వాత గంట అని కమిటీలో కొందరన్నారు. సండే స్కూల్ గచ్చు, కాంపౌండ్ గోడ కూడా ఉన్నాయి, కాదనడం లేదు. కానీ రెండు క్రిస్మస్‌లు గంట లేకుండానే గడిచాయి. గంట వేలాడే టేకు దూలాన్ని బొటనవేలితో నొక్కితే పొడి రాలుతోంది. భయపడి తాడు విప్పి వెస్ట్రీలో (గుడి పక్క గదిలో) మేకుకు తగిలించాం. నిరుడు మన పెద్దమ్మ ఒకామె ప్రభువునందు నిద్రించినప్పుడు, కొడుకు పొలం నుంచి ఉరికొచ్చి "గంట కొట్టరా అన్నా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. మైకులో చెప్పించాం. ఊరంతా విన్నది, కానీ ఆ పిల్లగాడు తలవంచుకుని అక్కడే నిలబడిపోయాడు. బాప్తిస్మానికీ పెండ్లికీ మట్టికీ మనల్ని పిలిచిన గొంతు అది. ఏ పని ఆగినా ఆ దూలం మార్చే పని ఆగకూడదని మా ప్రార్థన.

ఒక మాట తప్పుగా అనుకోవద్దు. క్రిస్మస్ రాత్రి గుళ్లో నిలబడే చోటుండదు, కానుకల రసీదు బుక్కులో మాత్రం సగానికి పైగా ఖాళీ కాగితాలే. మీ కొత్త ఇళ్లకు వచ్చి ప్రార్థన చేసి, మీతో కలిసి సంతోషపడ్డాం. సొంతవాళ్లు కాబట్టే అడుగుతున్నాం. వేలు ఇవ్వగలిగినవాళ్లు వేలివ్వండి. లేనివాళ్లు సిమెంటు బస్తా ఇవ్వండి, ఒక పూట పనికి రండి. విధవరాలి రెండు కాసులను చూసిన ప్రభువు మీ చేతినీ చూస్తాడు.

వచ్చే ఆదివారం నుంచి బల్ల ముందు మళ్లీ గంప పెడుతున్నాం. అమ్మలారా, అక్కలారా, ముంతలు బయటికి తీయండి. డబ్బు కానుకకు రసీదు తప్పక తీసుకోండి. బియ్యం తెచ్చేవాళ్లు సంచి మీద పేరు రాయనక్కర్లేదు.

ప్రభువు సేవలో,
పాస్టరేట్ కమిటీ