బ్రేకు డిస్కుల గురించి అమ్మాయికి

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగు వణుకుతున్నదనీ, ముందు చక్రాలతో పాటు తిరిగే ఇనుప పళ్ళేలు, అంటే బ్రేకు డిస్కులు, మార్చాలని షెడ్డులో చెప్పారనీ, కంపెనీవి వేయించాలా, బయటివా, రంధ్రాలున్నవా అనీ అడిగావు. అన్నిటికంటే ముందు, పాతవాటిని కొలిపించు. ఎంతవరకు అరగవచ్చునో ఆ కనీస మందం డిస్కు అంచు మీదనో, మధ్యలో టోపీలా లేచిన భాగం మీదనో మిల్లీమీటర్లలో వేసి ఉంటుంది. చాలా కార్లలో కొత్త డిస్కుకూ ఆ హద్దుకూ నడుమ తేడా 2 మి.మీ.కు అటూ ఇటూ మాత్రమే. అంచున అరగకుండా మిగిలిన గట్టు మీద వెర్నియర్ (దవడలతో పట్టి కొలిచే స్కేలు) పెడితే మందం ఎక్కువగా కనబడుతుంది కనుక, మైక్రోమీటరుతో (మందాన్ని సూక్ష్మంగా కొలిచే మరబిగింపు పరికరం) లోపలి వైపు నాలుగైదు చోట్ల కొలవమను. మన వైపు షెడ్లలో కొలిచేవారి కంటే గోటితో తడిమి తీర్పు చెప్పేవారే ఎక్కువ.

వణుకు వచ్చిందంటే డిస్కు వంగిపోయిందని అందరూ అంటారు గానీ, తరచుగా జరిగేది డిస్కు ఒకచోట ఎక్కువగా, ఇంకొకచోట తక్కువగా అరగడం. హబ్‌కూ (చక్రమూ డిస్కూ బిగించే నడిమి భాగం) డిస్కుకూ మధ్య తుప్పు చేరితే డిస్కు రవ్వంత పక్కకు ఒరిగి తిరుగుతుంది, ఆ ఒరుగుదలే కొన్ని వేల కిలోమీటర్లలో ఈ హెచ్చుతగ్గులను తెస్తుంది. కృష్ణపట్నం రేవు దగ్గర పగలంతా ఉప్పుగాలిలో నిలిచి ఉండే నీ కారు విషయంలో నా అనుమానం దీని మీదే. హబ్ ముఖాన్ని తీగ బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా రుద్దకుండా ఎంత ఖరీదైన డిస్కు బిగించినా వణుకు మళ్ళీ వస్తుంది. ఆ పని జరిగేటప్పుడు దగ్గర నిలబడి చూడు.

లేత్ (తిప్పి చెక్కే యంత్రం) మీద సాపు చేయిస్తే చాలునని ఎవరైనా అంటే, సాపు చేసిన తరువాత కూడా మందం హద్దుకు పైనే ఉంటుందా అని అడుగు. పలచబడిన డిస్కు త్వరగా వేడెక్కుతుంది. దోర్నాల–శ్రీశైలం ఘాటులో దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

రంధ్రాల డిస్కులు వద్దు. అవి పందెపు కార్ల సోకు. ఇనుము తగ్గుతుంది, పగుళ్ళు ఆ రంధ్రాల అంచుల నుంచే మొదలవుతాయి. కంపెనీ పెట్టెలోదే కావాలన్న పట్టుదల నాకు లేదు. పేరున్న తయారీదారుదై, వ్యాసం, మందం, టోపీ ఎత్తు సరిపోతే బయటిదైనా మంచిదే. ఒకే మోడలులో రకాన్ని బట్టి డిస్కు కొలత మారవచ్చు కాబట్టి, చాసిస్ నంబరు చెప్పి అడుగు. తుప్పు పట్టకుండా పూత వేసినవి దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అవే తీసుకో. ప్యాడ్లు (డిస్కును నొక్కి పట్టే దిమ్మలు) రాసుకొనే చోట ఆ పూత కొద్ది బ్రేకులకే పోతుంది గానీ, టోపీ మీదా, లోపలి గాలిసందుల్లోనూ నిలిచి ఉంటుంది.

రెండు వైపులా ఒకేసారి మార్పించు, ప్యాడ్లు కూడా కొత్తవే వేయించు. పాత ప్యాడ్లు పాత డిస్కు గీతలకు అలవాటుపడి ఉంటాయి. కొత్త డిస్కు మీది నూనెను బ్రేక్ క్లీనరుతోనే తుడవాలి, డీజిలు గుడ్డ తగలనివ్వకు. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే బిగింపు) పిన్నులు చేతితో లాగితే సులువుగా కదులుతున్నాయో లేదో చూడమను. బండి కదిలించేముందు పెడలు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి.

తరువాత, కొత్త ప్యాడ్లూ డిస్కులూ ఒకదానికొకటి అమరేందుకు, తెల్లవారుజామున మైపాడు రోడ్డు మీద, వెనుక ఎవరూ లేనప్పుడు, 60 వేగం నుంచి 20కి నిదానంగా తగ్గిస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ ఒక పదిసార్లు బ్రేకు వెయ్యి. వేడి మీద పూర్తిగా ఆపి పెడలు అదిమి ఉంచకు. ఈ పని అయ్యేదాకా శ్రీశైలం ప్రయాణం వాయిదా వేసుకో.

పాత డిస్కు మీది అంకె, చాసిస్ నంబరు ఫొటోలు తీసి పంపు. ఇక్కడి దుకాణంలో ధర కనుక్కొని చెబుతాను.

నాన్న