రాత్రి తొమ్మిది దాటాక మా ఊళ్ళో

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో, పట్నంలో ఉద్యోగాలు మానేసి చిన్న ఊళ్ళకు వచ్చేసినవాళ్ళ గురించి రాశారు, చదివాను. గాలి బాగుంటుంది, ట్రాఫిక్ ఉండదు, పెరట్లో కూరగాయలు పండించుకోవచ్చు, అద్దె తక్కువ అని రాశారు, అన్నీ నిజమే. కానీ ఆ ఊళ్ళలోనే పుట్టి, అక్కడే ముసలివాళ్ళైపోయినవాళ్ళు ఎలా బతుకుతున్నారో అందులో ఒక్క ముక్క కూడా లేదు. నేను ఇరవై ఏళ్ళు హైదరాబాద్‌లో ఉండి వచ్చినవాణ్ణి, నాకు రెండు చోట్లా తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, దయచేసి కత్తిరించకుండా వేయండి.

మాది కంభం, గిద్దలూరు వైపు ఒక చిన్న టౌను. పేరు రాయడం లేదు. రాస్తే ఫలానావాళ్ళ మీద ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది, నాకు ఎవరి మీదా కోపం లేదు. ఒక మెయిన్ బజారు, ఒక బస్టాండు, రెండు హైస్కూళ్ళు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు సంతకు వస్తే కళకళలాడే ఊరు. మా చిన్నప్పుడు కంభం చెరువు నిండి అలుగు పారుతోందని తెలిస్తే బడి ఎగ్గొట్టి సైకిళ్ళ మీద పోయేవాళ్ళం. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన చెరువు అది, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని మా పెద్దలు చెప్పేవాళ్ళు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. అంత నీళ్ళు పక్కనే కనిపిస్తున్నా మా పడమటి మండలాల్లో వానల్లేకపోతే పొలం బీడే, బోరులో పడ్డ నీళ్ళల్లోనూ చాలాచోట్ల ఫ్లోరైడే. కృష్ణా నీళ్ళు మా వైపుకు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో ఒకసారి, 2004లో ఇంకోసారి శంకుస్థాపన చేశారు. ఆ రెండింటి మధ్య పుట్టిన మా వీధి పిల్లలు పెద్దవాళ్ళై, ఆ నీళ్ళ కోసం చూసి చూసి, చాలామంది బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్ళిపోయారు. నేను వాళ్ళకంటే ముందే పోయాను. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకున్నాను, ఉద్యోగం దొరికింది, కూకట్‌పల్లిలో అప్పు చేసి ఫ్లాట్ కొనుక్కున్నాను. పట్నం నాకు అన్నం పెట్టింది, దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు కదా, అప్పుడు పిల్లల్ని తీసుకుని ఊరికి వచ్చేశాం. నాన్న అప్పటికే లేరు. ముందు గదిలో టేబులు వేసుకుని రెండేళ్ళు పని చేశాను. నెట్ ఆగిపోతే మేడెక్కి ఫోన్ పట్టుకుని మీటింగులకు కూర్చున్నా సరే, పని ఎక్కడా ఆగలేదు. ఇంట్లో మనుషులున్నారని అమ్మ పొద్దున్నే లేచి జొన్న రొట్టెలు చేసేది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు. 2022లో ఆఫీసుకు రమ్మన్నారు, తప్పలేదు. ఒక్కతినీ వదల్లేక అమ్మను కూడా తీసుకుపోయాం.

ఫ్లాటు మూడో అంతస్తు. మేమిద్దరం ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు పోతే పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా అమ్మ ఒక్కతే. టీవీ పెట్టి పోయేవాళ్ళం, ఆమె కట్టేసేది. కుర్చీ తెచ్చుకుని లిఫ్ట్ ఎదురుగా కారిడార్లో కూర్చునేది, ఎవరైనా దిగితే పలకరిద్దామని. దిగినవాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు, వాళ్ళనేమీ అనను, నేనూ పదిహేనేళ్ళు అలాగే వెళ్ళాను. ఒకరోజు వాచ్‌మన్ వచ్చి, సార్, అమ్మగారు కారిడార్లో కూర్చుంటే బాగుండదని కమిటీవాళ్ళు అంటున్నారని చెప్పాడు. ఆ రాత్రి అమ్మ అడిగింది, "నాయనా, ఇక్కడ మనిషి పోతే ఎన్నాళ్ళకు తెలుస్తుందిరా?" నాకు జవాబు దొరకలేదు. పధ్నాలుగు నెలలు ఉంది. ఆ తర్వాత, నన్ను మన ఇంట్లో వదిలిపెట్టిరా, నీకు దణ్ణం పెడతాను అంది. వదిలిపెట్టి వచ్చాను.

మా ఊళ్ళో మనిషికి ఏదైనా అయితే తెలియడానికి పది నిమిషాలు చాలు. ఆరింటికి పాలావిడ వస్తుంది, అమ్మ గిన్నెతో తలుపు దగ్గర లేకపోతే పిలుస్తుంది, పలక్కపోతే పక్కింటివాళ్ళని లేపుతుంది. ఏడింటికి ఆకుకూరలామె, ఎనిమిదింటికి ఎదురింటి వదిన, తొమ్మిదికి అరుగు మీద నలుగురు. మందులు అయిపోతే కిరాణా కొట్టబ్బాయి మెడికల్ షాపు నుంచి తెచ్చిచ్చి, డబ్బులు పద్దులో రాసుకునేవాడు. ఇప్పుడు అందరికీ ఫోన్ పే ఉన్నా అమ్మ పద్దు మాత్రం ఆ పుస్తకంలోనే ఉంది. ఇన్ని కళ్ళు ఒక మనిషిని కనిపెట్టుకుని ఉండటానికి పట్నంలో నెలకు ఎన్ని వేలు పోసినా దొరకదు. అవే కళ్ళు మా అమ్మాయిని కూడా కనిపెడతాయి, ఎక్కడికి పోతున్నావు, ఎవరబ్బాయితో మాట్లాడుతున్నావు, ఆ జీన్స్ ఏంటి అని. అందుకే ఇంటర్ హైదరాబాద్‌లోనే చదువుతానని పట్టుబట్టి వాళ్ళ పిన్ని దగ్గర ఉండిపోయింది. దాని మాటా నిజమే, నేను కాదనలేకపోయాను.

2024లో ఒక రాత్రి తొమ్మిదింబావుకు అమ్మ అన్నం తింటుంటే కుడిచేతిలో ముద్ద జారి పళ్ళెంలో పడింది. మూతి వంకర పోయింది, మాట ముద్దగా వచ్చింది. పక్కింటి వదిన అక్కడే ఉంది, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు. 108కి ఫోన్ చేసింది, నాకు చేసింది, వీధి మొత్తాన్ని లేపింది. ఊళ్ళో రాత్రిపూట చూసే డాక్టరు లేరు. అంబులెన్స్ వచ్చి ఇంకో ఊరికి తీసుకుపోతే అక్కడ స్కాన్ మిషన్ ఉంది గానీ రాత్రి దాన్ని నడిపే మనిషి లేడు. ఇంకో చోటికి పొమ్మన్నారు. మా దగ్గర్నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లు దాటుతుంది. పెద్దాసుపత్రికి చేరేసరికి రెండున్నర. నేను హైదరాబాద్ నుంచి కారులో వస్తూ దారిపొడుగునా ఫోన్ చెవిదగ్గరే పెట్టుకుని ఉన్నాను, వదిన ఏడుస్తూ ఎక్కడున్నారో చెబుతూనే ఉంది.

అక్కడి డాక్టరు గారు మంచాయన, కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులో రక్తం గడ్డ కట్టి ఉంటే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉందట, కానీ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. అది గడ్డ కట్టడం వల్ల వచ్చిందా, రక్తనాళం చిట్లడం వల్ల వచ్చిందా అన్నది సీటీ స్కాన్ తీస్తే గానీ తెలియదు. చిట్లిన మనిషికి ఆ ఇంజెక్షన్ ఇస్తే ప్రాణమే పోవచ్చు. అమ్మకు గడ్డే. తొమ్మిదింబావు నుంచి లెక్కేసుకుంటే ఒకటీ ముప్పావుకే గడువు అయిపోయింది. మనుషులందరూ చేయగలిగినదంతా చేశారు, ఎక్కడా ఒక్క నిమిషం వృథా కాలేదు, అయినా ముప్పావుగంట ఆలస్యమైంది. అమ్మ బతికింది, కుడిచేయి మాత్రం తిరిగి రాలేదు. కూకట్‌పల్లి ఫ్లాటులోనే ఉంచి ఉంటే పావుగంట దూరంలో స్కాన్ చేసే ఆసుపత్రులు నాలుగు ఉన్నాయి. కానీ అక్కడ అదే పని మధ్యాహ్నం పన్నెండింటికి జరిగి ఉంటే సాయంత్రం ఆరు దాకా ఎవరూ చూసి ఉండేవాళ్ళు కాదు. ఈ లెక్క నేను ఎన్ని రాత్రులు వేసుకున్నానో చెప్పలేను, రెండు వైపులా అమ్మ చెయ్యి పోతూనే ఉంటుంది.

అందుకే ఊరు మంచిదా, పట్నం మంచిదా అని రాసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. ఊళ్ళో మనుషులున్నారు, మిషన్ లేదు. పట్నంలో మిషన్లున్నాయి, పలకరించే మనిషి లేడు. ఊరికి మనుషుల్ని ప్రభుత్వం తయారుచేసి ఇవ్వలేదు, వాళ్ళు మాకు ముందే ఉన్నారు. మిషన్ అయితే ఇవ్వగలదు కదా. ఊళ్ళలో ముసలివాళ్ళే మిగులుతున్నారు, పిల్లల్ని ఎక్కువమందిని కనండి అని 2024లో ముఖ్యమంత్రి గారు అన్నారు. అయ్యా, ఆ మిగిలిన ముసలివాళ్ళకు రాత్రి తొమ్మిది దాటాక ఏం ఏర్పాటు ఉందో కూడా అదే నోటితో చెబితే బాగుండేది. అబ్దుల్ కలాం గారు రాష్ట్రపతిగా ఉన్నప్పుడు ‘పురా’ అని, పట్నంలో దొరికే సౌకర్యాలు పల్లెల్లోనే దొరకాలని ఒక ఆలోచన చెప్పారు. ఇరవై ఏళ్ళు దాటింది.

ఇవి జరగని పనులేమీ కావు. 108 అంబులెన్సులు 2005లో మొదలైతే ఎంతమంది ప్రాణాలు నిలబడ్డాయో ఊళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి డబ్బుల టెన్షన్ చాలావరకు తగ్గించింది, దూరం ఒక్కటి అలాగే ఉండిపోయింది. గుండెపోటుకైతే మన రాష్ట్రంలో 2023 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్దాసుపత్రి గుండె డాక్టరుకు పంపిస్తారు, ఆయన చూసి చెప్పగానే అక్కడే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉచితంగా ఇచ్చి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి తరలిస్తారు. పక్షవాతానికి కూడా ఇదే చేయాలి. ప్రతి గంట ప్రయాణానికి ఒకచోట రాత్రింబవళ్ళు పనిచేసే సీటీ స్కాన్, దాన్ని తీసే మనిషి, ఆ బొమ్మను దూరం నుంచి చూసి చెప్పే డాక్టరు ఉంటే చాలు, ప్రతి టౌనుకూ న్యూరాలజిస్టు, అంటే మెదడు, నరాల డాక్టరు, కావాలని మేం అడగడం లేదు. మార్కాపురానికి మెడికల్ కాలేజీ మంజూరైంది, అది ప్రభుత్వం నడపాలా, ప్రైవేటువాళ్ళు నడపాలా అని గొడవపడేవాళ్ళు పడనీయండి, మాకు మాత్రం అందులో అర్ధరాత్రి లైటు వెలిగి, లోపల మనిషి ఉంటే చాలు.

కంపెనీలకు కూడా ఒక మాట. రెండేళ్ళు ఊళ్ళ నుంచి పని చేయించుకున్నారు, ఆ రెండేళ్ళలో మీ పని ఆగలేదు. ముసలి తల్లిదండ్రులు ఉన్నవాళ్ళకైనా ఊళ్ళో ఉండి పని చేసుకునే వీలు ఇవ్వండి. నాకు ఇవ్వలేదు, మానేశాను. ఇప్పుడు సగం జీతానికి ఇంకో చిన్న సంస్థకు ఇంటి నుంచి పని చేస్తున్నాను, మా ఆవిడ ఇక్కడి స్కూల్లో చేరింది, ఫ్లాటు అద్దెకిచ్చాం. అందరూ ఇలా మానేయలేరు, అప్పులుంటాయి, పిల్లల చదువులుంటాయి, వాళ్ళను తప్పుపట్టడానికి నేనెవణ్ణి.

అమ్మ ఇప్పుడు ఎడమచేత్తో తింటోంది. పొద్దున్నే అరుగు మీద కూర్చోబెడతాం, మాట కాస్త తడబడినా పాలావిడతో రోజూ ఏదో ఒక పేచీ ఉండాల్సిందే. మాకు కారు లేదు, హైదరాబాద్‌లోనే అమ్మేశాం. పక్కింటివాళ్ళు వాళ్ళ కారు రెండో తాళంచెవి తెచ్చి మా గుమ్మం పక్కన మేకుకు తగిలించారు, రాత్రి ఎప్పుడైనా సరే లేపకుండా తీసుకుపొమ్మన్నారు. ఆ మేకు కిందే ఒక కాగితం అతికించాను, ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రిలో రాత్రిపూట స్కాన్ తీస్తున్నారో, అక్కడికి ఎంతసేపు పడుతుందో రాసి. ప్రతి నెలా ఒకటో తారీఖున అన్నిటికీ ఫోన్ చేసి కనుక్కుని దాన్ని మారుస్తుంటాను. మా వీధిలో ఏడిళ్ళవాళ్ళు దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుపోయారు. ఈ నెల కాగితంలో గంట లోపల చేరగలిగిన ఆసుపత్రి ఒక్కటీ లేదు.

ఇట్లు,
కంభం ప్రాంతం నుంచి ఒక పాఠకుడు