కమల వరి లెక్కలు రైతు ముందు పెట్టండి

కేంద్ర వ్యవసాయ మంత్రి గారికి,

2025 మేలో మీరు ప్రకటించిన జన్యు సవరణ వరి 'కమల' మా బాపట్ల సాంబ మసూరి నుంచే పుట్టింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మన శాస్త్రవేత్తలు చేశారు, గర్వంగా ఉంది. దిగుబడి ఎక్కువ, కోత 20 రోజులు ముందు అన్నారు. మా నాన్న దోసిట్లో సాంబ మసూరి (బీపీటీ 5204 రకం) గింజలు పోసుకుని అడిగాడు: "ఏ ఊళ్లో ఎన్ని బస్తాలొచ్చాయిరా?" నా దగ్గర జవాబు లేదు.

బయటి జన్యువు లేని ఇలాంటి పంటలకు 2022 మార్చిలో జీవభద్రత నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు. అందుకే మీ బాధ్యత పెరిగింది. కేంద్రాలవారీగా పరీక్షల లెక్కలు, భద్రత ఫలితాలు తెలుగులో బయటపెట్టండి. జన్యువును సవరించడానికి వాడిన క్రిస్పర్ పద్ధతి మీద ఉన్న పేటెంట్ల సంగతేమిటో, రైతు విత్తనం దాచుకోవచ్చో లేదో రాతపూర్వకంగా చెప్పండి. మేం నారు పోసేలోపే చెప్పండి.

ఇట్లు,
గుంటూరు జిల్లా రైతు బిడ్డ